సరస్సులో ఈత తర్వాత ఒంటిమీద ఎర్రటి పొక్కులు, విపరీతమైన దురద: ఇది ఏమిటి, ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నిన్న ఉదయం కుటుంబమంతా కలిసి ఒక సరస్సులో ఈతకు దిగాము. నడిమధ్య నీళ్లు తేటగానే ఉన్నాయి కానీ, ఒడ్డు వెంట మోకాలి లోతు వరకు నాచు, తుంగ దట్టంగా అల్లుకుని ఉన్నాయి. కొంత దూరంలో బాతుల గుంపు కూడా తిరుగుతూ కనిపించింది. పెద్దవాళ్లం లోతుకు వెళ్లి ఈదాము, పిల్లలు మాత్రం ఒడ్డు దగ్గరే చాలాసేపు ఆడుకున్నారు. గట్టెక్కి ఒళ్లు ఆరబెట్టుకుంటున్నప్పుడే పదేళ్ల మా బాబు కాళ్లు చిమచిమలాడుతున్నాయని అన్నాడు. సాయంత్రానికి మోకాళ్ల కింద, ముంజేతుల మీద ఎర్రటి చుక్కలు తేలాయి. ఈ ఉదయానికి అవి ఆవగింజంత గట్టి పొక్కులయ్యాయి, రాత్రంతా వాడు గోక్కుంటూనే ఉన్నాడు. ఈత నిక్కరు కప్పిన భాగంలో మాత్రం ఒక్క పొక్కు కూడా లేదు. అంచు దగ్గర గీత గీసినట్లు ఆగిపోయాయి. వాడి పక్కనే ఆడుకున్న మా పాపకు ఏమీ రాలేదు. నాకు చీలమండల దగ్గర నాలుగైదు ఉన్నాయి, అవి అంతగా బాధించడం లేదు.

ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదా? పాపను వాడి పక్కన పడుకోబెట్టవచ్చా? ఇంట్లో తామరకు వాడిన మలాము ఉంది, అది రాస్తే తగ్గుతుందని మా అత్తగారు అంటున్నారు. రాయవచ్చా, లేక వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

నమస్కారమండీ. మీరు రాసిన వివరాలన్నిటిలో గుర్తుపట్టడానికి ఎక్కువగా పనికివచ్చేది ఆ నిక్కరు అంచు. మంచినీటి సరస్సులో ఈదిన తర్వాత, నీళ్లు నేరుగా తగిలిన చర్మం మీదే పొక్కులు వచ్చి, బట్ట కప్పిన చోట రాకపోతే, ముందుగా అనుమానించవలసింది ఈతగాళ్ల దురదనే. దీన్నే స్విమ్మర్స్ ఇచ్ అంటారు, వైద్యులు సెర్కేరియల్ డెర్మటైటిస్ అని రాస్తారు. పొక్కు ఎలా ఉందన్నది చాలా చర్మవ్యాధుల్లో ఒకేలా ఉంటుంది కాబట్టి, దాన్ని ఎంతసేపు పరీక్షగా చూసినా పెద్దగా తేలదు. అది ఎక్కడ వచ్చింది, నీళ్లలోంచి బయటికి వచ్చిన ఎంతసేపటికి వచ్చింది, అన్న రెండు సంగతులే అసలు విషయం చెబుతాయి. మీ బాబు విషయంలో ఆ రెండూ సరిపోతున్నాయి: కొద్ది నిమిషాల్లో చిమచిమ, కొన్ని గంటల్లో చుక్కలు, మరుసటి రోజుకు పొక్కులు.

కారణం ఒక పరాన్నజీవి. బాతులు మొదలైన నీటిపక్షుల రక్తనాళాల్లో బతికే ఒక రకం పురుగుల గుడ్లు వాటి రెట్టతో నీళ్లలో పడతాయి. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల కొన్ని జాతుల నత్తలను వెతుక్కుని వాటిలో దూరి, అక్కడ వందలు వేలుగా పెరిగి, సెర్కేరియా అనే మరో రూపంలో తిరిగి నీళ్లలోకి వస్తుంది. పొడవు ఒక మిల్లీమీటరుకు మించని, తోక చివర రెండుగా చీలిన ఈ జీవి కంటికి ఆనదు. పక్షి కాలు నీడ పడినా, చర్మపు వెచ్చదనం తగిలినా, చర్మం మీది కొవ్వు పదార్థాల జాడ దొరికినా అటే వెళ్లి అతుక్కుంటుంది. మనిషి కాలుకూ బాతు కాలుకూ తేడా దానికి తెలియదు. మన చర్మంలో దూరుతుంది కానీ అక్కడ బతకలేదు, త్వరలోనే చచ్చిపోతుంది. చచ్చిన ఆ పురుగుకు వ్యతిరేకంగా మన శరీరం చూపే అలర్జీయే ఈ ఎరుపు, ఈ దురద. ఒక్కో పొక్కు ఒక్కో పురుగు దూరిన చోటు అనుకోవచ్చు.

మీ పాపకు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇది అలర్జీ కాబట్టి, మొదటిసారి తగిలినవారికి ఏమీ తెలియకపోవచ్చు, లేదా చాలా ఆలస్యంగా, స్వల్పంగా వచ్చి పోవచ్చు. ఇంతకుముందు ఎప్పుడైనా తగిలి, శరీరం ఆ పురుగును గుర్తుపెట్టుకుని ఉంటే, అప్పుడు త్వరగా, తీవ్రంగా వస్తుంది. బాబు ఇంతకుముందు వేరే సరస్సులోనో చెరువులోనో దిగి ఉంటాడు. పాపకు ఇప్పుడు రాలేదు కాబట్టి ఇక ముందు కూడా రాదని మాత్రం అనుకోకండి. మళ్లీ అదే నీళ్లలో ఆడితే ఆమెకూ రావచ్చు.

ఇది అంటువ్యాధి కాదు. పక్కన పడుకున్నా, ఒకే తువ్వాలు వాడినా, పొక్కులోని రసి తగిలినా మరొకరికి రాదు. పిల్లలిద్దరినీ నిశ్చింతగా ఒకే పక్క మీద పడుకోబెట్టండి. పొక్కులు మరో రోజు రెండు రోజులు కొత్తగా కనిపించినా, అవి అప్పుడు తగిలినవే ఆలస్యంగా తేలుతున్నాయి తప్ప ఒంట్లో పాకుతున్నట్లు కాదు.

ఈ దురదకు నీళ్ల మురికి కారణమని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. 1928లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డగ్లస్ సరస్సు ఒడ్డున పరిశోధన చేస్తున్న విలియం కోర్ట్ అనే శాస్త్రవేత్త, నత్తల నుంచి వెలువడే ఈ సెర్కేరియాలే దీనికి కారణమని చూపించారు. అద్దంలా మెరిసే సరస్సులో కూడా నత్తలు, బాతులు ఉంటే ఇది వస్తుంది. ఆసియాలో చాలాచోట్ల నీళ్లు నిలిచిన వరిమళ్లలో పనిచేసేవారి కాళ్లకు వచ్చే దురద పొక్కుల్లో కొన్నిటికి కారణం కూడా ఇదే కుటుంబానికి చెందిన పురుగులు, పశువులనో పక్షులనో ఆశ్రయించి బతికేవి.

రెండవ జవాబు

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చర్మవ్యాధుల విభాగంలో పనిచేసిన అనుభవంతో, ఇంట్లో ఏం చేయాలన్నది కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా ఆ తామర మలాము గురించి, ఎందుకంటే మీరు ఈపాటికే అది రాసి ఉంటారేమోనని నా ఆదుర్దా. దయచేసి రాయకండి. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది, ఇది అలర్జీ. శిలీంధ్రాన్ని చంపే మందుకు ఇక్కడ పనే లేదు. అంతకన్నా ముఖ్యంగా, తామర పేరుతో వాడే చాలా మలాముల్లో శిలీంధ్రపు మందు, యాంటీబయాటిక్, చాలా బలమైన స్టెరాయిడ్ మూడూ కలిసి ఉంటాయి. ఆ స్టెరాయిడ్ దురదను ఒక్క రాత్రిలో అణచివేస్తుంది, దాంతో మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ నమ్ముతారు, ఆ తర్వాత ప్రతి మచ్చకూ అదే రాస్తారు. పిల్లల లేత చర్మం దానివల్ల పలచబడిపోతుంది; నిజంగా తామర ఉన్నచోట రాస్తే అది రూపు మారి, వైద్యుడు కూడా గుర్తుపట్టలేని విధంగా ముదురుతుంది. మీ అత్తగారికి ఈ మాట నచ్చజెప్పడానికి ఒక తేడా చూపించండి: తామర అంచు పొలుసులతో గుండ్రంగా మొదలై వారాల తరబడి మెల్లగా వెడల్పవుతుంది, మధ్య భాగం తేటపడుతుంది, ఈ పొక్కులు విడివిడిగా, ఒక్క పూటలో, కాళ్ల మీద, చేతుల మీద ఒకేసారి తేలాయి.

ఇక చేయవలసింది. ఈ వ్యాధికి పురుగును చంపే మందు అవసరం లేదు, అది ఇప్పటికే చచ్చిపోయింది. ఒక వారంలో, మహా అయితే మరికొన్ని రోజుల్లో, పొక్కులు వాటంతట అవే మానిపోతాయి. ఈలోగా మన పని ఒక్కటే, వాడు గోకి చర్మం చీరుకోకుండా చూడటం. మొదటి రెండు మూడు రోజులు దురద బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది కాబట్టి, మొదటి రాత్రులు గడిపితే కష్టం చాలావరకు గడిచినట్లే. ఈ రోజే వాడి గోళ్లు పొట్టిగా కత్తిరించి, అంచులు గరుకు లేకుండా చూడండి. చల్లటి నీళ్లలో ముంచి పిండిన మెత్తని గుడ్డను పొక్కుల మీద పది, పదిహేను నిమిషాలు వేసి ఉంచితే దురద వెంటనే కొంత ఉపశమిస్తుంది, ఎన్నిసార్లయినా చేయవచ్చు. మంచుగడ్డను మాత్రం నేరుగా చర్మానికి ఆనించకూడదు. వేడినీళ్ల స్నానం ఆ క్షణానికి హాయిగా అనిపించినా, కాసేపటికే దురదను రెట్టింపు చేస్తుంది, అందుకని గోరువెచ్చని నీళ్లే వాడండి. స్నానపు నీళ్లలో మెత్తగా పొడి చేసిన ఓట్స్ గానీ, తినే సోడా గానీ కలపవచ్చు. తినే సోడాను కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి పొక్కుల మీద పట్టించడం కూడా మేలు చేస్తుంది, కానీ చర్మం చిట్లిన చోట వద్దు, మండుతుంది. స్నానం తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్ది తుడవండి. ఆ తడి పూర్తిగా ఆరాక క్యాలమిన్ లోషన్ పలచగా రాయండి.

వీటితో నిద్ర పట్టకపోతే, ఒక శాతం హైడ్రోకార్టిసోన్ మలామును రోజుకు రెండుసార్లు, కొద్ది రోజుల పాటు, చిట్లని పొక్కుల మీద మాత్రమే రాయవచ్చు. ముఖానికి, కళ్ల దగ్గరకు వైద్యుడిని అడగకుండా వద్దు. సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు కొంతమందికి మేలు చేస్తాయి, అయితే పిల్లలకు మోతాదు వయసును, బరువును బట్టి మారుతుంది కాబట్టి పెద్దల మాత్రను సగానికి విరిచి ఇవ్వకండి. వైద్యుడినో మందుల దుకాణంలోని ఫార్మసిస్టునో అడిగి, పిల్లల సిరప్పే ఇవ్వండి.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి అంటే, దురద పోయి నొప్పి మొదలైనప్పుడు. ఇది గుర్తుపెట్టుకోండి: ఈ పొక్కులు దురద పెడతాయి కానీ నొప్పి పెట్టవు. గోకిన చోట సూక్ష్మజీవులు చేరితే పొక్కు చుట్టూ వెచ్చగా, ఎర్రగా వాచి, ముట్టుకుంటే నొప్పెడుతుంది. చీము పట్టవచ్చు, తేనెరంగు పక్కు కట్టవచ్చు, గజ్జల్లో బిళ్లలు కట్టవచ్చు. కాలి మీద ఎర్రటి చార పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించండి, యాంటీబయాటిక్ అవసరమవుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, అది ఈతగాళ్ల దురద కాకపోవచ్చునని అనుకుని మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.

మూడవ జవాబు

ఇంతవరకు రాసినదంతా సరైనదే. అయితే, ఇదే ప్రశ్నతో వచ్చే మరో పాఠకుడి పరిస్థితి మీ బాబు పరిస్థితిలా ఉండకపోవచ్చు కాబట్టి, నీళ్లలో దిగినవారికి వచ్చే మరికొన్నిటిని కూడా ఇక్కడ చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

పొక్కులు సరిగ్గా ఈత దుస్తుల కిందే ఎక్కువగా వస్తే కథ తిరగబడుతుంది. సముద్రంలో దిగినవారైతే, జెల్లీచేపల సూక్ష్మమైన పిల్లలు బట్ట పోగుల మధ్య చిక్కి కుట్టినవి కావచ్చు. అలాంటప్పుడు ఆ బట్టలు వెంటనే విప్పి, ఉతికి, ఆరబెట్టాకే మళ్లీ వాడాలి. వేడినీళ్ల తొట్టిలోనో, క్లోరిన్ సరిగా లేని కొలనులోనో దిగి, ఒకటి రెండు రోజుల తర్వాత వెంట్రుకల మొదళ్లలో చీముగుల్లలు వస్తే, అది సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి పని.

నీళ్ల మీద పచ్చని రంగు ఒలికినట్లు తెట్టు కట్టి ఉంటే, అది సయనోబ్యాక్టీరియా, అంటే నీలిహరిత నాచు కావచ్చు. దానివల్ల కూడా దద్దుర్లు వస్తాయి, కానీ ప్రమాదం చర్మంతో ఆగదు. ఆ నీళ్లు మింగితే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి రావచ్చు, కొన్ని రకాల విషాలు కాలేయాన్ని, నరాలను దెబ్బతీస్తాయి; అలాంటి నీళ్లు తాగి కుక్కలు చనిపోవడం తెలిసిన విషయమే. ఆ తెట్టు విషపూరితమైనదా కాదా అన్నది కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, కాబట్టి దిగకపోవడం ఒక్కటే మార్గం. పొరపాటున దిగితే శుభ్రమైన నీళ్లతో ఒళ్లు కడుక్కోవాలి, వెంట ఉన్న కుక్క ఒళ్లు నాకకముందే దాన్నీ కడగాలి.

నేను అన్నిటికన్నా ఎక్కువగా హెచ్చరించదలచుకున్నది మరొకటి ఉంది. చల్లటి నీళ్లలో దిగిన కొద్ది నిమిషాలకే ఒంటిమీద ఉబ్బెత్తు దద్దుర్లు పెద్ద పెద్ద అట్లుగా లేచి, ఒకటి రెండు గంటల్లో ఆనవాలు లేకుండా పోతే, అది చలివల్ల వచ్చే అలర్జీ, కోల్డ్ అర్టికేరియా. పోయింది కదా అని దాన్ని తేలికగా తీసుకోకూడదు. అలాంటివారు ఒళ్లంతా చల్లటి నీళ్లలో మునిగినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి, నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర చికిత్సకు తీసుకువెళ్లాలి. వైద్యులు ముంజేతి మీద కొద్ది నిమిషాలు మంచుగడ్డ పెట్టి, తీసిన తర్వాత అక్కడ దద్దురు లేస్తుందేమో చూసి దీన్ని నిర్ధారిస్తారు. ఆ పరీక్ష జరిగేవరకు ఈత వద్దు.

దూర ప్రయాణాలు చేసేవారికి ఒక మాట. ఆఫ్రికాలో మలావీ, విక్టోరియా వంటి సరస్సుల్లో మనిషినే ఆశ్రయించి బతికే షిస్టోసోమా పురుగులు ఉన్నాయి. అవి కూడా ఇలాగే చర్మం గుండా దూరి, ఇలాంటి దురదే తెప్పించవచ్చు, అసలు దురదే రాకపోనూ వచ్చు. కానీ చచ్చిపోకుండా లోపలికి వెళ్లి, రక్తనాళాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అలాంటి చోట నీళ్లలో దిగినవారు, కొన్ని వారాల తర్వాత జ్వరం, దగ్గు, దద్దుర్లు వచ్చినా, తర్వాత మూత్రంలో రక్తం కనిపించినా, తాము ఎక్కడ ఈదారో వైద్యుడికి తప్పకుండా చెప్పాలి. ఏ లక్షణమూ లేకపోయినా, చివరిసారి దిగిన 6 నుంచి 8 వారాల తర్వాత రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది, అంతకుముందు చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు. ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది కానీ, లేత పురుగుల మీద అది అంతగా పనిచేయదు, అందుకని దాన్ని ఎప్పుడు వేసుకోవాలన్నది వైద్యుడే నిర్ణయించాలి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మలాము రాయలేదు, పక్కన పెట్టేశాము. చల్లటి గుడ్డ, క్యాలమిన్‌తో బాబు కొంచెం కుదుటపడ్డాడు. ఎడమ పిక్క మీద రెండు పొక్కులు నీటిబుడగల్లా అయ్యాయి, వాటిని చిదమాలా? పొక్కులు ఉండగా బడికి పంపవచ్చా? ఇక ఆ సరస్సు మా ఇంటికి దగ్గర, పిల్లలకు ఈత అంటే ప్రాణం. జన్మలో మళ్లీ దిగవద్దని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. ఏ జాగ్రత్తలు తీసుకుంటే దిగవచ్చు?

నాలుగవ జవాబు

బుడగలను చిదమకండి, పైపొర ఉన్నంతకాలం అదే వాటికి కట్టు. వాటంతట అవే పగిలితే సబ్బుతో, శుభ్రమైన నీళ్లతో కడిగి, వదులుగా గుడ్డ కట్టండి. బడికి నిరభ్యంతరంగా పంపండి, ఉపాధ్యాయులకు మాత్రం ఇది అంటుకునేది కాదని ఒక చీటీ రాసి ఇస్తే పిల్లవాణ్ని ఎవరూ దూరంగా కూర్చోబెట్టరు.

ఈత మానవలసిన అవసరం లేదు, చోటు మార్చాలి. నత్తలు ఒడ్డు దగ్గర, మొక్కలు దట్టంగా ఉన్న లోతులేని నీళ్లలో ఉంటాయి, సెర్కేరియాలు కూడా అక్కడే వెలువడతాయి. పిల్లలకే ఈ బాధ ఎక్కువగా రావడానికి కారణం, వాళ్లు ఆడుకునేది సరిగ్గా అక్కడే కావడం. ఈత వచ్చిన పిల్లలైతే, పెద్దవాళ్ల పర్యవేక్షణలో, నాచులోంచి నడిచి వెళ్లకుండా దిగుడు బల్లల మీదుగా నేరుగా లోతైన నీళ్లలోకి దిగడం మేలు. ఎండాకాలంలో నీళ్లు వెచ్చబడ్డాక ఈ పురుగులు ఎక్కువవుతాయి. వెలుతురు తగలగానే నత్తలు వాటిని వదులుతాయి కాబట్టి, చాలాచోట్ల ఉదయం పూటే బెడద ఎక్కువ. గాలి ఒడ్డు వైపు వీస్తున్న రోజున, నీటి పైపొరలో తేలే ఆ పురుగులన్నీ ఒడ్డుకే కొట్టుకువస్తాయి. నీళ్లలోకి వచ్చాక అవి సాధారణంగా ఒక రోజు మించి బతకవు, అయినా నత్త రోజూ కొత్తవాటిని వదులుతూనే ఉంటుంది, కాబట్టి ఒక రోజు ఆగి దిగితే సరిపోతుందనుకోవడం తప్పు.

బయటికి రాగానే, ఒంటి మీద నీళ్లు ఆరిపోయేదాకా ఎండలో కూర్చోనివ్వకుండా, పొడి తువ్వాలుతో గట్టిగా తుడవండి, వీలైతే శుభ్రమైన నీళ్లతో స్నానం చేయించండి. చర్మంలోకి దూరడానికి వాటికి కొన్ని నిమిషాలు చాలు, అందుచేత ఇది పూర్తి రక్షణ కాదు. నీళ్లలోకి పదే పదే దిగి ఎక్కే పిల్లలను ప్రతిసారీ తుడిస్తేనే ఫలితం ఉంటుంది. పొడవు చేతుల, పొడవు కాళ్ల బిగుతు ఈత దుస్తులు వేస్తే, మీ బాబు నిక్కరు కింద చర్మం ఎలా తప్పించుకుందో మిగిలిన ఒళ్లు కూడా చాలావరకు అలాగే తప్పించుకుంటుంది. సరిగా క్లోరిన్ వేసిన ఈతకొలనులో ఈ పురుగులు ఉండవు.

ఆ సరస్సును చూసుకునేవారు ఎవరో తెలిస్తే, పిల్లలకు ఇలా అయిందని వారికి చెప్పండి. ఈత కొట్టే చోట బాతులకు తిండి వేయడం మాన్పించడం, అక్కడ హెచ్చరిక బోర్డు పెట్టించడం వారి చేతిలో పనులే. నత్తలను చంపడానికి మైలుతుత్తం చల్లడం కొన్నిచోట్ల జరిగింది కానీ, అది చేపలకు, ఇతర జలచరాలకు హాని చేస్తుంది, పైగా కొంతకాలానికి నత్తలు మళ్లీ వచ్చి చేరతాయి; ఎవరైనా ఆ సలహా ఇస్తే ఒప్పుకోవద్దని వారికి చెప్పండి.